ఆటలో అరటిపండు

చిన్నతనంలో మా వీధి పిల్లలమంతా చిల్లకట్టె ఆడేటప్పుడు, పెద్దపిల్లల వెనక చేరి "నేనూ ఆడతా"నని మారాము చేసే పసివాణ్ణి వద్దనలేక, "వీడు ఆటలో అరటిపండు" అని చేర్చుకునేవాళ్ళం. వాడు కొట్టినా లెక్కలేదు, తప్పినా లెక్కలేదు. పాపం, వాడు అందరితోపాటు యెగురుతాడు, దుముకుతాడు, కేకలు వేస్తాడు. యేదో ఒకనాడు వాడికి తెలిసిపోతుంది, తనను యెవరూ లెక్కలో వేసుకోలేదని. ఆ సాయంత్రం యింటికి పోయి అన్నం తినకుండా పడుకుంటాడు. అట్లా పడుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

యీ నెల నేను చెప్పదలచుకున్నది గోల్ఫు ఆటలోని హ్యాండిక్యాపు సంగతి. దానికీ అరటిపండుకూ యేమి చుట్టరికమని అడుగుతారేమో. వున్నది. నిదానంగా వినండి.

"గోల్ఫా! దొరల ఆట మనకెందుకయ్యా?" అనేవారు మన సంఘంలో యిప్పటికీ వున్నారు. ఒకప్పుడది నిజమే. కలకత్తాలో రాయల్ కలకత్తా క్లబ్బు 1829లో పుట్టింది. మనకు నలభై కిలోమీటర్ల దూరంలో వున్న బెంగుళూరు గోల్ఫు క్లబ్బు 1876 నాటిది. మన తళిని ఆ దొరలు చల్లదనం చూసి "చిన్న ఇంగ్లండు" అనేవారని పెద్దలు చెప్పుకుంటారు. అయితే కాలం తిరిగింది. మత్తిగిరిలో 1824 నాటి పశువుల ఫారం తప్ప వేరే గొప్ప చెప్పుకోవడానికి లేని హోసూరు, కార్ఖానాల ఊరయింది. తళి రోడ్డున క్లోవర్ గ్రీన్స్ అనే గోల్ఫు మైదానమూ వచ్చింది. రాగిచేను గట్టుమీద నిలబడి యీ ఆటను వింతగా చూసిన వాళ్ళ మనుమలు యిప్పుడు కర్ర పట్టుకొని లోపల నిలబడుతున్నారు. బెంగుళూరులో బ్యాగులు మోసే పిల్లవాడుగా మొదలుపెట్టిన మునియప్ప 2009లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. అదే ఊరి ఆడపిల్ల అదితి అశోక్ 2021లో జరిగిన టోకియో ఒలింపిక్సులో నాలుగవ స్థానంలో నిలిచింది. కాబట్టి దొరల ఆట అనే మాట యిక చెల్లదు.

నాకు యీ ఆటతో పరిచయం కర్రవల్ల కలిగింది కాదు, కాగితంవల్ల కలిగింది. నేను గుమాస్తాను. మా ఆఫీసువారు యేటా పెట్టే పోటీకి ఆటగాళ్ళ పేర్లు, వాటి యెదుట హ్యాండిక్యాపులు వరుసగా వ్రాసి పట్టీ తయారుచేసే పని యేడేళ్ళ క్రిందట నా బల్లమీద పడ్డది. పెద్ద ఆఫీసరుకు 22, ఆయన క్రింది ఆఫీసరుకు 11, పాత స్టోర్సు ఆయనకు 30. యీ అంకెలేమిటో తెలియక, యెక్కువ అంకె వున్నవాడే మొనగాడనుకొని పట్టీని తలక్రిందుగా వ్రాసి నవ్వులపాలయ్యాను. ఆ సిగ్గుతో నేర్చుకోవడం మొదలుపెట్టాను. తరువాత ఒక ఆఫీసరు బదిలీ మీద పోతూ తన పాత కర్రలు నాకు వదిలిపోయారు. ఫోర్‌మనుగా రిటైరయిన మా బావ, అంటే మా అక్కగారి భర్త, నాకు జత కలిశాడు. నలభై దాటినాక ఆట పట్టుబడడం యెంత కష్టమో పట్టినవాళ్ళకే తెలుసు.

హ్యాండిక్యాపు అన్న మాట మనకు అంగవైకల్యం అనే అర్థంలోనే అలవాటు. దాని పుట్టుక వేరు. పూర్వం ఇంగ్లండులో ఇద్దరు వస్తువులు మార్చుకునేటప్పుడు మూడవ మనిషి మధ్యవర్తిగా కూర్చొని, యెవరి వస్తువు యెంత తక్కువదో చెప్పి, దానిపైన యెంత కట్టియివ్వాలో తేల్చేవాడు. అందరూ టోపీలో చేయి పెట్టి పందెం కాసేవారు. టోపీలో చేయి అనే ఆ మాటే అరిగి హ్యాండిక్యాపు అయింది. తరువాత అది గుర్రప్పందేలకు పోయింది. అక్కడ మంచి గుర్రం మీద బరువు యెక్కువ పెడతారు. గోల్ఫులో అట్లా కాదు. మంచివాడి మీద బరువు మోపరు. తక్కువవాడికి కొన్ని దెబ్బలు మాఫీ చేస్తారు.

కృష్ణగిరి మండీలో మామిడికాయ తూచడం మీరంతా చూచినదే. బుట్టతో కలిపి తూచితే వచ్చేది ఒక బరువు. బుట్ట బరువు తీసివేస్తే వచ్చేది అసలు బరువు. గ్రాసు, నెట్టు అని మండీవారు వ్రాసే ఆ రెండు మాటలే గోల్ఫు కార్డుమీద కూడా వుంటాయి. పద్ధెనిమిది గుంటల్లో బంతిని వేయడానికి నేను కొట్టిన మొత్తం దెబ్బలు గ్రాసు. అందులోనుంచి నా హ్యాండిక్యాపు తీసివేస్తే నెట్టు. నేను 98 కొట్టి నాకు 26 వుంటే నా నెట్టు 72. మీరు 83 కొట్టి మీకు 10 వుంటే మీ నెట్టు 73. ఆ రోజు గెలిచినవాణ్ణి నేను. మీరు నాకంటే గొప్ప ఆటగాడే, సందేహం లేదు. కాని మీ శక్తిని బట్టి మీరు ఆడినదానికంటే, నా శక్తిని బట్టి నేను ఆడినది బాగున్నది. మామగారూ అల్లుడూ, అన్నా చెల్లెలూ, మేనేజరూ గుమాస్తా ఒకే రోజున సరిసమానంగా పోటీపడగల ఆట మరొకటి నాకు తెలియదు. ఇక్కడ యెవడూ అరటిపండు కాడు. ప్రతివాడి దెబ్బా లెక్కలోకి వస్తుంది.

ఇక లెక్క. పూర్వం లోకంలో ఆరు రకాల హ్యాండిక్యాపు పద్ధతులు వుండేవి. ఒక దేశపు అంకె మరొక దేశంలో చెల్లేది కాదు. 2020 జనవరినుండి అమెరికావారి యు.ఎస్.జి.ఎ., స్కాట్లండులోని ఆర్ అండ్ ఎ. కలిసి ఒకే ప్రపంచ పద్ధతిని తెచ్చాయి. మన దేశంలో ఇండియన్ గోల్ఫు యూనియన్ దాన్ని నడుపుతున్నది. ఇప్పుడు హోసూరులో తెచ్చుకున్న అంకె గోలకొండ నయాఖిల్లా ప్రక్కనున్న హైదరాబాదు మైదానంలో చెల్లుతుంది, విశాఖ ఈస్ట్ పాయింటులో చెల్లుతుంది, అమెరికాలో కొడుకు యింటికి పోయినప్పుడు అక్కడా చెల్లుతుంది.

ప్రతి మైదానానికి మూడు అంకెలుంటాయి. ఒకటి పార్. అన్ని గుంటలకూ కలిపి యిన్ని దెబ్బలని వేసిన లెక్క, సాధారణంగా 70 మొదలు 72 దాకా వుంటుంది. రెండవది కోర్సు రేటింగు. అంటే ఆరితేరినవాడు, హ్యాండిక్యాపు సున్నా వున్నవాడు, అక్కడ మామూలుగా యెంత కొడతాడో ఆ అంకె. మూడవది స్లోపు. ఆరితేరినవాడితో పోల్చితే మనబోటివాళ్ళకు ఆ మైదానం యెంత యెక్కువ కష్టమో చెప్పేది. అది 55 మొదలు 155 దాకా వుండవచ్చు. 113ను నడిమి కొలతగా పెట్టుకున్నారు. అమెరికాలో డీన్ నూత్ అనే ఆయన యీ స్లోపు లెక్కకు ముఖ్యకారకుడు. చెరువులు, ఇసుక గుంటలు వున్నచోట ఆరితేరినవాడు బంతిని వాటి మీదుగా దాటిస్తాడు. మనం సరిగ్గా వాటిలోనే వేస్తాం. ఆ తేడాయే స్లోపు.

లెక్క చూపడానికి ఒక మైదానం పార్ 72, రేటింగు 71.2, స్లోపు 120 అనుకోండి. నేను 101 కొట్టాను. 101 నుంచి 71.2 తీసివేస్తే 29.8. దాన్ని 113తో గుణించి 120తో భాగిస్తే 28.1. దీన్ని ఆ రౌండు డిఫరెన్షియల్ అంటారు. గాలివానలవల్ల ఆ రోజు అందరి స్కోర్లూ చెడితే దానికి కొంచెం సవరణ వుంటుంది. అది యంత్రమే చూసుకుంటుంది, మనం తల బద్దలుకొట్టుకోనక్కరలేదు.

మొదట అంకె రావడానికి 54 గుంటలు ఆడిన కార్డులు కావాలి, అనగా పూర్తి రౌండ్లయితే మూడు. నావి 108, 104, 101 అయితే డిఫరెన్షియళ్ళు 34.7, 30.9, 28.1. మూటిలో తక్కువదాన్ని తీసుకొని, కొత్తవాడు త్వరగా బాగుపడతాడనే భావంతో మరి 2 తగ్గిస్తారు. నాకు 26.1 వస్తుంది. దీన్ని ఇండెక్సు అంటారు. కార్డులు పెరిగేకొద్దీ లెక్కలోకి తీసుకునే రౌండ్లూ పెరుగుతాయి. ఇరవై కార్డులు నిండిన తరువాత, చివరి ఇరవైలో బాగా ఆడిన ఎనిమిదింటి సగటే మీ ఇండెక్సు. ఆడవారికైనా మగవారికైనా 54.0 దాటదు. అంత యెక్కువగా యిస్తారు కనుక, నిన్న మొన్న కర్ర పట్టినవాళ్ళు కూడా సిగ్గుపడకుండా తెచ్చుకోవచ్చు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. "నా ఇండెక్సు 26. కాని నేను యెప్పుడూ అంతకు మించే కొడుతున్నాను, యేదో తప్పున్నది" అంటారు. తప్పేమీ లేదు. హ్యాండిక్యాపు మీ సగటు ఆట కాదు. మీరు చేయగలిగినదాన్ని, చేసి చూపినదాన్ని కొలిచే అంకె. ఇరవైలో మంచివి ఎనిమిదే తీసుకున్నప్పుడు, నాలుగైదు రౌండ్లకొకసారి గాని ఆ అంకెకు తగినట్లు ఆడలేము. పరీక్షలో బాగా వచ్చిన మార్కులే చుట్టాలకు చెప్పుకుంటాము గదా, అటువంటిదే యిదీ.

ఇండెక్సు ఒకటే అయినా, మైదానాన్ని బట్టి యిచ్చే దెబ్బలు మారుతాయి. ఇండెక్సును స్లోపుతో గుణించి 113తో భాగించి, రేటింగులోనుంచి పార్ తీసివేస్తే వచ్చినదాన్ని కలపాలి. నా 26.1కి పై మైదానంలో 27 వస్తుంది. స్లోపు 105, రేటింగు 69, పార్ 71 వున్న తేలిక మైదానంలో 22 మాత్రమే. స్లోపు 135, రేటింగు 74, పార్ 72 వున్న కఠినమైన చోట 33. "మా ఊళ్ళో నాకు 27 యిచ్చారు, ఇక్కడ 22 యేమిటి?" అని పొరుగూరి క్లబ్బులో తగవు పెట్టుకోకండి. మామిడి అదే అయినా మండీ మండీకి బుట్ట మారుతుంది.

27 వచ్చిందంటే ప్రతి గుంటకూ ఒక దెబ్బ మాఫీ, మిగిలిన తొమ్మిది దెబ్బలు కష్టమైన తొమ్మిది గుంటలకు. యేది యెంత కష్టమో కార్డుమీద 1 నుండి 18 దాకా స్ట్రోకు ఇండెక్సని అచ్చువేసి వుంటుంది. 1 అన్నిటికన్న కష్టమైనది. ఇద్దరు యెదురెదురుగా గుంట గుంటకూ పందెం ఆడేటప్పుడు తేడా మాత్రమే చూసుకోవాలి. నాకు 27, మా బావకు 15. కనుక 1 నుండి 12 దాకా వున్న గుంటల్లో ఆయన నాకు తలా ఒక దెబ్బ విడవాలి. అందరూ మొత్తం దెబ్బలు లెక్కపెట్టే పోటీల్లో మాత్రం సాధారణంగా 95 శాతమే యిస్తారు.

ఒక గుంటలో చిక్కుపడి పన్నెండు, పదమూడు దెబ్బలు కొట్టామంటే, ఆ ఒక్క గుంట మన అంకెను పాడుచేయకూడదు. అందుకని హ్యాండిక్యాపు లెక్కకు ప్రతి గుంటకూ ఒక హద్దున్నది: పార్‌కు రెండు కలిపి, మీకు అక్కడ వచ్చే మాఫీ దెబ్బలు కలపండి. నాలుగు పార్ గుంటలో నాకు రెండు మాఫీ వుంటే హద్దు 8. పదమూడు కొట్టినా అక్కడ 8 అనే లెక్క. ఇంకా అంకె రాని కొత్తవారికి పార్‌కు 5 కలిపినది హద్దు. కొత్తవారికి మరొక మాట. డాక్టరు ఫ్రాంక్ స్టేబుల్‌ఫర్డ్ అనే ఆయన పేరుమీదుగా వున్న పాయింట్ల ఆట మొదట ఆడండి. మాఫీ పోగా పార్ చేస్తే రెండు పాయింట్లు, ఒకటి యెక్కువైతే ఒకటి, రెండు యెక్కువైతే సున్నా. సున్నా అని తేలగానే బంతి తీసి జేబులో వేసుకొని తరువాతి గుంటకు నడవవచ్చు. వెనకవాళ్ళు దీవిస్తారు.

లెక్క యింతే. ఇంత పకడ్బందీగా కట్టిన లెక్క అంతా ఒక్క సన్నని దారం మీద వేలాడుతున్నది. ఆ దారం, ఆటగాడు ఆడిన ప్రతి కార్డూ తెచ్చి వేయడం. ప్రక్కన ఒకరైనా వుండి ఆడిన రౌండయితే, ఆ మనిషి సంతకం పెట్టిన కార్డును అదే రోజున వేయవలసినది. చెడ్డది వేసి మంచిది దాచినా తప్పే, మంచిది వేసి చెడ్డది దాచినా తప్పే. రెండవది బడాయికోసం చేస్తారు. తమకు తామే చేటు తెచ్చుకుంటారు. మొదటిది బహుమతికోసం చేస్తారు. అది యెదుటివాడికి చేటు.

నేను చేసినది మొదటిదే. చెప్పుకోవడానికి సిగ్గుగా వున్నా, యీ శీర్షికలో యింతకాలం మీకు నీతులు చెబుతూ వచ్చినవాణ్ణి గనుక చెప్పక తప్పదు.

రెండేళ్ళ క్రిందట పోటీకి ముందు నెలలో నాకు రెండు మంచి రౌండ్లు పడ్డాయి. ఒకటి 91, మరొకటి 92. మామూలుగా వంద దగ్గర తచ్చాడేవాణ్ణి. రెండుసార్లూ నాతో ఆడినది మా బావే. కార్డులమీద సంతకం పెట్టి నా చేతికిచ్చాడు. వారం తరువాత అడిగాడు:

"కార్డులు వేసినావా, అప్పా?"

"వేస్తాలే బావా. అవి అదృష్టంకొద్దీ వచ్చినవి, నా అసలు ఆట అది కాదు."

"అదృష్టమో కాదో చెప్పేది నువ్వా, లెక్కనా?" అన్నాడు మా బావ. మళ్ళీ యెత్తలేదు.

నేను చొక్కాజేబులోంచి తీసి సొరుగులో పెట్టాను. మోసం చేయాలని పెట్టలేదు. కాని యెందుకు వేయలేదని యెవరైనా నిలదీస్తే చెప్పడానికి జవాబూ లేదు. నెల తిరిగేసరికి పోటీ వచ్చింది. అప్పటికి నా ఇండెక్సు 24.3. పైన చెప్పిన మైదానపు అంకెలతోనే చూస్తే 25, దానిలో 95 శాతం 24. ఆ రోజు 94 కొట్టాను. 94లో 24 పోతే 70. మొదటి బహుమతి నాది. ఒక ప్రెషరు కుక్కరు, చప్పట్లు, ఫోటో.

రెండవవాడు మా కార్ఖానాలోనే అప్రెంటిసుగా చేరిన కుర్రవాడు. అంతకుముందు మైదానంలో బ్యాగులు మోసేవాడు. వాడికి వున్నది తొమ్మిది దెబ్బలు. 80 కొట్టాడు, నెట్టు 71. ఒక్క దెబ్బతో పోగొట్టుకున్నాడు. నా దగ్గరకు వచ్చి చేయి కలిపి, "బాగా ఆడినావన్నా" అన్నాడు.

ఆ రాత్రి నిద్రపట్టక లేచి, సొరుగు తెరచి, కాగితం మీద లెక్క వేశాను. ముప్ఫై యేళ్ళుగా యితరుల లెక్కలు సరిచూచిన చేయి అది, ఊరుకుంటుందా! నా మంచి ఎనిమిది డిఫరెన్షియళ్ళ మొత్తం 194.4. దాచిన 91కి 18.6, 92కి 19.6. యీ రెండూ లోపలికి వస్తే ఎనిమిదిలో పెద్దవైన 25.8, 25.9 బయటికి పోతాయి. మొత్తం 180.9. ఎనిమిదితో భాగిస్తే 22.6. అప్పుడు నాకు రావలసినవి 24 కాదు, 22. 94లో 22 పోతే 72. కుర్రవాడిది 71.

రెండుసార్లు వేశాను. రెండుసార్లూ అదే.

మండీలో బుట్ట బరువు యెక్కువ వ్రాసుకొని రైతు కాయలకు కోతపెట్టే దళారిని మనమంతా తిడతాము. నేను చేసినది దానికి యేమి తీసిపోయింది? ఆ కుర్రవాడు యెండలో పద్ధెనిమిది గుంటలు నిజాయితీగా ఆడాడు. వాడు కొట్టినదానికి లెక్క లేకుండా చేసినవాణ్ణి నేను. వాణ్ణి ఆటలో అరటిపండును చేశాను.

తెల్లవారి రెండు కార్డులూ తీసుకొని కమిటీవారి దగ్గరకు పోయి జరిగింది చెప్పాను. పెద్ద ఆఫీసరు నావైపు కాసేపు చూసి, "పోనీలేవయ్యా, అయిపోయిందిగా" అన్నారు. పోనివ్వవద్దని నేనే బతిమాలాను. నా పేరు కొట్టివేసి బహుమతి వాడికి మార్చారు. చిక్కు కుక్కరుతో వచ్చింది. మా ఆవిడ ముందురోజు రాత్రే దానిలో అనపగింజలు ఉడకబెట్టింది. వాడిన పాత్ర ఒకరికి బహుమతిగా యెట్లా యిస్తాము? బజారుకు పోయి అదే సైజుది కొత్తది కొని తెచ్చాను. మా ఆవిడ కారణమడిగితే చెప్పాను. "ఇంట్లో వున్నది యిప్పుడు మన డబ్బులతో కొన్నదే గదా, యిక హాయిగా వండుతాను" అన్నది.

కుర్రవాణ్ణి కలిసి తప్పు చెప్పుకున్నాను. వాడు తలవంచుకొని విన్నాడు. చివరికి మెల్లగా అన్నాడు:

"నాకు తెలుసన్నా. ఆ రెండు దినాలూ నీ బ్యాగు మోసింది మా తమ్ముడే. 91 కొట్టినావని ఆ పొద్దే వొచ్చి చెప్పినాడు."

"మరి అడగలేదేమిరా?"

"పెద్దోళ్ళను యెట్లడిగేదన్నా?"

ఆ మాట నన్ను యింకా వదలలేదు. నా అంకె తప్పని వాడికి తెలుసు, వాడి తమ్ముడికి తెలుసు, మా బావకు తెలుసు. తెలియనట్లు నటించినవాణ్ణి నేనొక్కణ్ణే. యీ లెక్కకు పోలీసు లేడు. క్లబ్బులో కమిటీ వుంటుంది. అకస్మాత్తుగా చాలా మంచి స్కోరు వస్తే యంత్రమే అదనంగా కోతపెడుతుంది. యేడాదిలోని కనిష్ఠానికి మించి 3 పైన పెరిగితే ఆపైన సగమే పెరగనిస్తుంది, 5 దాటనే దాటనివ్వదు. అన్నీ వున్నాయి. కాని సొరుగులో వున్న కార్డు యే యంత్రానికీ కనిపించదు. మనతో ఆడేవాళ్ళకు మాత్రం కనిపిస్తుంది. వాళ్ళలో అడగలేనివాళ్ళు, అడిగితే ఉద్యోగానికో మర్యాదకో ముప్పనుకునేవాళ్ళు వుంటారు. కాబట్టి పెద్దవాళ్ళే అడగకముందే వేయాలి.

యీ ఆట మొదలుపెట్టబోయే మన పిల్లలకు, రిటైరయి తీరిక దొరికిన పెద్దలకు నాలుగు మాటలు. ఇండియన్ గోల్ఫు యూనియన్‌కు చెందిన క్లబ్బు ద్వారా అంకె తెచ్చుకోండి. మొదటి మూడు కార్డులు బాగుండాలని కాచుకొని కూర్చోకండి. యెంత వస్తే అంత వేయండి. పద్ధెనిమిది ఆడే ఓపిక లేనిరోజు తొమ్మిది గుంటలు ఆడినా కార్డు చెల్లుతుంది. మీ శక్తికి తగిన మొదలుచోటునుంచి ఆడండి. దూరంనుంచి కొడితే గౌరవమనుకోవడం మోకాళ్ళకు మంచిది కాదు. అంకె తగ్గితే పొంగిపోకండి, పెరిగితే కుంగిపోకండి. వయస్సుతోపాటు అది పెరుగుతుంది. అందుకే అది వున్నది. మా బావకు యిప్పుడు 19. నాకు 21. తేడా రెండు దెబ్బలే కనుక ఆయన నామీద పెత్తనం కొంచెం తగ్గించాడు.

ఆ కుర్రవాడి అంకె యిప్పుడు 4. పోయిన పోటీలో వాడూ నేనూ ఒక జట్టులో ఆడాము. ఆట ముగియగానే కార్డుమీద సంతకం పెట్టి నా చేతికిస్తూ, "వేసేసి రాన్నా, నేను టీ చెప్తా" అన్నాడు. వేసి వచ్చేదాకా టీ గ్లాసు ముట్టుకోలేదు.

లెక్క అర్థం కానివారెవరైనా వుంటే కార్డులు తీసుకొని యే ఆదివారమైనా సంఘం మెట్లదగ్గరకు రండి. పెన్సిలు, కాగితం నా దగ్గర వుంటాయి. కార్డులు మాత్రం అన్నీ తీసుకురండి.